బల్లార్షా ఎండలో ఆలివ్ ఆయిల్ కేకు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మే నెలలో బల్లార్షాలో బటర్‌తో కేకు చేయబోయి చెడగొట్టుకున్నవాళ్లకు నేను చెప్పేది ఇట్టే అర్థమవుతుంది. మిగతావాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. వీడియోల్లో అందరూ "రూమ్ టెంపరేచర్‌లో ఉన్న బటర్ తీసుకోండి" అంటారు. ఎవరి రూము? చక్కెరతో కలిపి గిలక్కొట్టినప్పుడు గాలి పట్టాలంటే బటర్ 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లాలో ఎండాకాలం 46, 47 డిగ్రీలంటే ఎవరికీ వింత కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్, నేను చక్కెర తూచి వచ్చేసరికి నడుమ గడ్డగా, చుట్టూ నెయ్యిలా అయిపోయేది. దాన్ని ఎంత కొట్టినా నురగ రాదు, చేతికి జిడ్డు తప్ప. కేకు అడుగు తడిసిన రొట్టెలా, పైభాగం పెంకులా వచ్చేది.

ఈ పిచ్చి నాకు 2021లో రిటైరయ్యాక పట్టింది. ముప్పై ఏళ్లు బొగ్గు గని స్టోర్స్‌లో చేసినవాణ్ణి. ఇంట్లో ఊరికే కూర్చుంటే కనిపించినదాన్నల్లా సర్దడం మొదలుపెడతానని మా ఆవిడ భయపడి, వంటింట్లో ఒక మూల నాకు ఇచ్చేసింది. ఆ ఏడాదే హైదరాబాద్ నుంచి మా బిడ్డ ఒక ఎక్స్‌ట్రా వర్జిన్ (కాయల్ని పిండి తీసి, రిఫైన్ చేయని రకం) ఆలివ్ ఆయిల్ సీసా పంపింది. "బాపూ, బటర్ తగ్గియ్యి, దీంతో చేసి చూడు" అని ఫోన్లో చెప్పింది. ఆమె నా ఆరోగ్యం కోసం పంపింది. నేను దాన్ని నా బద్ధకం కోసం వాడుకున్నాను.

ఎందుకంటే నూనెకు గిలక్కొట్టే పనే లేదు. ఒక గిన్నె, ఒక విస్క్. గుడ్లు, చక్కెర కలుపు, నూనె సన్నటి ధారగా పొయ్యి, పిండి జల్లించు, అంతే. బయట 46 ఉన్నా, జనవరిలో పొద్దున దుప్పటి కప్పుకుని వంటింట్లోకి వచ్చినా నూనె నూనెలాగే ఉంటుంది. నాలుగేళ్లుగా నన్ను ఈ నూనెకు కట్టిపడేసింది ఈ ఒక్క గుణమే. కేకు మర్నాటికి ఇంకా మెత్తబడటం దాని మీద లాభం. బటర్ కేకు ఫ్రిజ్‌లోంచి తీస్తే ఇటుకే. ఇది తీసిన వెంటనే తినొచ్చు.

ఇక సంత్ర కేకు. నాగపూర్ సంత్ర మాకు అంగట్లో కుప్పలు కుప్పలుగా దొరికే పండు. డిసెంబరులో కిలోల లెక్కన తెస్తాం. ఆలివ్ నూనెకు నారింజ జాతి పండ్లకు ఉన్న పొత్తు స్పెయిన్, ఇటలీ వాళ్లకు తరతరాలుగా తెలుసు, నాకు మాత్రం తెలీకుండానే కలిసొచ్చింది. ఒక చిక్కు ఉంది. సంత్ర తొక్క వదులుగా ఉంటుంది, ఒలిచాక తురమబోతే చేతికి రాదు. పండు మీద ఉండగానే తురమాలి. అదీ ఇరవై నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి తీస్తే తొక్క బిగుస్తుంది, తురుము సన్నగా రాలుతుంది. తెల్ల పొర దాకా పోతే చేదు. ఆ తురుమును చక్కెరలో వేసి వేళ్లతో నలుపుతుంటే చక్కెర తడిసి, పసుపు రంగుకు తిరిగి, వాసన వసారా దాటి పోతుంది. పక్క క్వార్టర్ కాకూ (మరాఠీలో పిన్నిలాంటి పిలుపు) గోడ అవతలి నుంచే "కేక్ కా?" అని అడుగుతుంది. రెండు పండ్ల తురుము, 200 గ్రాముల చక్కెర, మూడు గుడ్లు, 120 మిల్లీలీటర్ల నూనె, అంతే సంత్ర రసం, 200 గ్రాముల మైదా, చెంచాన్నర బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. 170 డిగ్రీల్లో నలభై, నలభై ఐదు నిమిషాలు. బటర్‌తో రాసిన కొలతలుంటే నేను ముప్పావు వంతు నూనె వేస్తాను. బటర్‌లో దాదాపు ఐదో వంతు కొవ్వు కాదు, ఎక్కువగా నీళ్లే.

ఇంత మురిసిపోయినవాణ్ణి 2024 మేలో ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

స్పెయిన్‌లో కరువొచ్చి 2022-23 పంట అంతకుముందు ఏడాదితో పోలిస్తే సగానికి పైగా పడిపోయింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆలివ్ నూనె తీసేది వాళ్లే. ఆ దెబ్బ మెల్లగా మా దాకా వచ్చింది. మొదట్లో లీటరు 900 లోపు కొన్నవాణ్ణి, 2024 జనవరి నాటికి 1,300 పెట్టాల్సి వచ్చింది. ఇంకా పెరుగుతుందని అందరూ అంటుంటే, స్టోర్స్ బుద్ధి ఎక్కడికి పోతుంది? చంద్రపూర్ వెళ్లి అయిదు లీటర్ల టిన్ను కొనేశాను. పెన్షన్‌కు బాగానే బొక్క పడింది. టిన్ను లోంచి వంచడం కష్టమని, పాత తేనె సీసా ఒకటి కడిగి, లీటరు నూనె అందులో పోసి వంటింటి కిటికీలో పెట్టాను. పొద్దుటి ఎండలో ఆ పచ్చటి రంగు చూడముచ్చటగా ఉండేది. సీసా తగ్గితే మళ్లీ నింపడం. సగమైన టిన్ను పొయ్యి పైన అటక మీదికి చేరింది.

మేలో మనవడి పుట్టినరోజు. ఆరేళ్లు నిండాయి. సెలవులకు బిడ్డ, అల్లుడు కూడా వచ్చారు. ఆ నెలలో సంత్ర దొరకదు, వెనీలా, యాలకులతో చేశాను. అంటే వాసన ఏదైనా ఉంటే దాక్కోవడానికి చోటు లేదు. నూనె వాసన చూసుకోవాల్సింది. కానీ ఇంటినిండా మామిడికాయ తొక్కు ఘాటు, వెల్లుల్లి, మెంతులు. ఆ రెండు రోజులు నా ముక్కు నాది కాదు.

కేకు చూడటానికి బ్రహ్మాండంగా పొంగింది. కోసి పంచాం. మనవడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా ఆగి, మెల్లగా చేతిలోకి తీసి "తాతా, రంగు పెన్సిల్లెక్క ఉంది" అన్నాడు. నేను నవ్వి ఒక ముక్క తిన్నాను. తర్వాత నవ్వలేదు. మా ఆవిడ వాసన చూసి ముక్క పక్కన పెట్టింది. "ఏందిది, ఉగాది దాకా మిగిలిన సకినాల వాసనొస్తాంది" అంది. అంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. సంక్రాంతి సకినాలు డబ్బా అడుగున మిగిలిపోతే వచ్చే కనరు వాసన, అచ్చం అదే. అల్లుడు మాత్రం పెట్టిన ముక్క మొత్తం తిని నీళ్లు తాగాడు. పాపం, అల్లుడి మర్యాద.

ఆ పూట బేకరీ నుంచి ఇంకో కేకు తెప్పించారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. కల్తీ నూనె అంటగట్టారని మర్నాడే సీసాలో కొంచెం నూనె పోసుకుని బస్సెక్కి చంద్రపూర్ పోయాను. కొన్న షాపులో గట్టిగానే మాట్లాడాను, నలుగురి ముందు. షాపాయన ఏమీ అనలేదు. అదే బ్యాచ్ సీలు తీయని సీసా ఒకటి తెచ్చి, తెరిచి, చెంచాలో పోసి నా ముక్కు దగ్గర పెట్టాడు. తాజా గడ్డి కోసిన వాసన. తాగితే గొంతులో చుర్రుమంది. ఆ చురుకు ఓలియోకాంథాల్ అనే పదార్థానిది, నూనె తాజాగా ఉందనడానికి గుర్తు. తర్వాత నా సీసా చూపించి ఎక్కడ పెట్టారని అడిగాడు. కిటికీలో అన్నాను. ఏం పని చేసేవారని అడిగాడు. స్టోర్స్ అన్నాను.

గేర్ ఆయిల్ డ్రమ్ములు ఎండలో పెట్టారని కుర్రాళ్ల మీద ఎన్నిసార్లు అరిచి ఉంటానో లెక్కలేదు. ముందొచ్చిన సరుకు ముందు పోవాలని గోడకు రాసి పెట్టినవాణ్ణి. ఇంట్లో మాత్రం వెలుతురు, వేడి, గాలి మూడింటికీ ఆ నూనెను ఒప్పజెప్పాను. ఆలివ్ నూనె పచ్చదనం ఆకుల్లో ఉండే క్లోరోఫిలే. వెలుతురు తగిలితే అదే నూనెను తొందరగా చెడగొడుతుంది. అందుకే నూనె ముదురు రంగు సీసాల్లో వస్తుంది. నేను ఆ రంగు అందం కోసమనుకున్నాను. సగం ఖాళీ అయిన టిన్నులో పైనంతా గాలి, కింద పొయ్యి సెగ. మిగిలిన రెండు లీటర్ల చిల్లర కూడా పోయినట్టే. దీపానికి పెడదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. గేటు మడతబందులకు మాత్రం నాలుగేళ్లకు సరిపడా ఉంది.

ఆ తర్వాత అర లీటరు ముదురు సీసాలే కొంటున్నాను, ఎండాకాలం ఫ్రిజ్‌లో పెడుతున్నాను. అది ఇంకో తంటా. మొదటి వారమే నూనె తెల్లగా పలుకులు కట్టింది. మా ఆవిడ సీసా వెలుగుకు పట్టి చూసి "కొబ్బరినూనె కలిపిండ్రు, మళ్ల పోయి కొట్లాడుతవా?" అంది. ఈసారి పోలేదు. చల్లబడితే ఆలివ్ నూనె గడ్డకట్టడం మామూలే. అరగంట బయట పెడితే మళ్లీ కరుగుతుంది, మా ఊళ్లో అయితే పది నిమిషాలు చాలు. ఫ్రిజ్‌లో గడ్డకడితే అసలుది, కట్టకపోతే నకిలీ అని కొందరు చెప్పే పరీక్ష కూడా నమ్మదగ్గది కాదు.

మొదటి రెండేళ్లు నేను కాలనీలో అందరికీ "దేంట్లోనైనా వెయ్యండి" అని చెప్పుకు తిరిగాను. ఆ మాట ఇప్పుడు అనను. నాన్‌ఖటాయి చేస్తే ట్రే మీద అప్పడాల్లా పరుచుకున్నాయి. వాటికి గడ్డకట్టే కొవ్వు కావాలి. భక్ష్యాలకు రాస్తే నెయ్యి లేని లోటు తప్ప ఇంకేమీ తెలియలేదు. పాలు, కోవా ఉన్న వాటిలో ఈ పచ్చి వాసన అడ్డం తగులుతుంది. మరీ ఘాటైన ఎక్స్‌ట్రా వర్జిన్ వేస్తే మామూలు వెనీలా కేకులో కూడా వెనక చేదు నిలుస్తుంది. సీసా మీద లైట్ అని ఉంటే రంగు, రుచి తేలిక అని అర్థం, కొవ్వు ఏమీ తగ్గదు. ఏ నూనెకైనా గ్రాముకు తొమ్మిది క్యాలరీలే. ఇది మా బిడ్డకు చెబితే "మరి తక్కువ తిను బాపూ" అంది.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. నేను ఇంతగా పొగిడిన ఆ మెత్తదనం ఆలివ్ నూనె సొంతం కాదు. పోయిన చలికాలం ఒకసారి నూనె అయిపోతే చాక్లెట్ కేకులో సన్‌ఫ్లవర్ పోశాను. ఎవరూ కనిపెట్టలేదు. కాకూ అయితే ఇదే బాగుందంది. గిలక్కొట్టే బాధ తప్పించడం, కేకును మర్నాటికి మెత్తగా ఉంచడం ద్రవంగా ఉండే ఏ నూనె అయినా చేస్తుంది. కాబట్టి ఇప్పుడు ఆలివ్ నూనె సంత్ర ఉన్నప్పుడే, లేదా నిమ్మకాయ కేకుకే.

అనుకోకుండా ఇంకోచోట కూడా పనికొచ్చింది, రవ్వలో. గ్రీసులో హల్వాస్ అని చేస్తారు. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో వాళ్లు గుడ్లు, పాలు, నెయ్యి ముట్టరు గనక ఆలివ్ నూనెతో చేసుకునే తీపి. కొలత ఒకటి, రెండు, మూడు, నాలుగు: ఒక వంతు నూనె, రెండు రవ్వ, మూడు చక్కెర, నాలుగు నీళ్లు. దొడ్డు రవ్వను నూనెలో ముదురు బంగారు రంగు వచ్చేదాకా వేయించి, దాల్చినచెక్క వేసి కాచిన పాకం పోస్తే సర్రున పొంగుతుంది, మొహం దూరంగా పెట్టాలి. దగ్గర పడ్డాక గిన్నెలో నొక్కి, చల్లారాక బోర్లిస్తే ముద్దగా వస్తుంది. మన కేసరే, వేషం మార్చుకుని వచ్చింది. నేను చక్కెర రెండు వంతులకు తగ్గించాను. నెయ్యి లేని కేసరి మొహం చూడనన్న మా ఆవిడ రెండోసారి పెట్టించుకుంది, ఏమీ అనకుండా. ఆమె ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

కొనమంటారా అని కాలనీలో ఎవరైనా అడిగితే ముందు మీ ఇంట్లో ఎంతమంది, నెలకు ఎన్ని కేకులు అని అడుగుతున్నాను. మేమిద్దరం, నెలకు రెండు కేకులు. మాకు అర లీటరు సీసా రెండు నెలల్లో అయిపోతుంది, పాడయ్యేలోపు. వంటింట్లో ఏసీ ఉన్నవాళ్లు, బటర్ క్రీమ్ పూసిన కేకే కేకు అనుకునేవాళ్లు, పిల్లలకు చాక్లెట్ తప్ప ఇంకేదీ ఎక్కనివాళ్లు ఈ ఖర్చు పెట్టకపోయినా పోయేదేమీ లేదు. డిసెంబరులో సంత్ర బండి మీ వీధిలోకి వస్తుందంటే మాత్రం చిన్న సీసా ఒకటి తెచ్చుకోండి. కొనేముందు తయారీ తేదీ చూడండి, షాపు అద్దాల్లో ఎండ పడే వరసలోది తీసుకోకండి.

ఈ మేలో మనవడికి ఏడు నిండాయి. బిడ్డ బయల్దేరే ముందే ఫోన్ చేసి "బాపూ, ఈసారి ఏ నూనె?" అంది. ఫ్రిజ్ లోంచి సీసా తీసి, కరిగేదాకా ఆగి, చెంచాలో పోసి వాసన చూసి, మా ఆవిడతో కూడా చూపించి, అప్పుడు చెప్పాను. తొక్కు ఆ వారం పెట్టొద్దని ముందే బతిమాలుకున్నాను.