కుడికి మొరాయించే సెకండ్ హ్యాండ్ 220, పుదుపేట షెడ్డు

చెన్నైలో సెకండ్ హ్యాండ్ బండి మలుపుల్లో తేడాగా పోతోందని ఏ షెడ్డుకి వెళ్లి చెప్పినా మొదట వచ్చే జవాబు ఒకటే: "కోన్ సెట్ పోయింది సార్, మార్చేద్దాం." కోన్ సెట్ అంటే హ్యాండిల్ తిరగడానికి బండి మెడలో ఉండే బాల్ బేరింగుల సెట్. ఆదితనార్ సాలై వెనక సందులో, పాతవాళ్లు ఇంకా హారిస్ రోడ్డనే పిలిచే చోట, ఎక్కువగా ముందు భాగం పనులే చేసే ఒక చిన్న షెడ్డు ఉంది. బోర్డు లేదు. అక్కడి పెద్దమేస్త్రి మాట వేరు: "కోన్ సెట్ తర్వాత సార్, ముందు గాలి చూద్దాం." ఈ ఒక్క మాటకే సగం మార్కులు వేయొచ్చు.

పనికి ఇచ్చిన బండి పల్సర్ 220. జబ్బు ఇది: ఎడమ మలుపులో హ్యాండిల్ తనంతట తాను లోపలికి పడిపోతుంది, కుడి మలుపులో తోసినా వాలదు. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి కత్తిపారా ఫ్లైఓవర్ లూపులన్నీ ఎడమకే తిరుగుతాయి. అక్కడ ఒకే వంపులో ఎక్కువసేపు వాలి ఉండాలి, కనుక ఈ తేడా బాగా తెలుస్తుంది. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని, లోపలికి పడకుండా ఎదురు బలం పెడుతూ పోవాల్సి వచ్చేది.

షెడ్డులో అడిగిన ప్రశ్నలు సరైనవి. రెండు వైపులా ఒకేలా ఉందా, ఒక వైపే ఉందా? యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడా, వదిలినప్పుడా? ఎంత స్పీడులో? వెనక మనిషి ఉన్నప్పుడా? రెండు వైపులా ఒకేలా మొరాయిస్తే గాలి, టైరు, కోన్ సెట్ వైపు చూడాలి. ఒక వైపే అయితే ఎక్కడో వంకర ఉందన్నమాట: వెనక చక్రం, ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టే రెండు పైపులు), షాకర్లు, మరీ ఖర్మ కాలితే ఛాసిస్. 80 దాటాక తోక ఊగితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే చేయి) బుష్, వెనక షాకర్లు. మలుపులో ముందు బ్రేకు పట్టగానే బండి నిటారుగా లేచిపోతే ముందు టైరు గాలి లేదా దాని అరుగుదల. ఇంకో సంగతి, మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకి వాలుగా ఉంటాయి. ఎడమ అంచున నడిపి "ఎడమకి లాగుతోంది" అనుకుంటే అది బండి తప్పు కాదు. రోడ్డు మధ్యలో వాలు లేని చోట, రెండు దిక్కుల్లోనూ నడిపి చూడాలి.

గాలి ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 32 పీఎస్ఐ ఉండాలి. ముందు 17 ఉంది. దాన్ని సరిచేశాక హ్యాండిల్ బరువు కొంత తగ్గింది గానీ వంకర పోలేదు.

తర్వాత టైర్లు. వెనక 120/80-17 ఉండాల్సిన చోట 140/70-17 వేసి ఉంది. పాత యజమానులకి ఇదో సరదా. "ఎత్తు ఒకటే కదా" అంటారు. నిజమే, మొదటి అంకె వెడల్పు, రెండోది అందులో ఎత్తు శాతం: 120లో 80 శాతం 96 మిల్లీమీటర్లు, 140లో 70 శాతం 98. కానీ రిమ్ వెడల్పు 120కి తగ్గట్టుది. 140 టైరు అంచులు అందులో లోపలికి నొక్కుకుపోయి పైభాగం కోడిగుడ్డు కొసలా నిక్కుతుంది. పైగా ఈ టైరు హైవే మీద తిరిగి తిరిగి మధ్యలో చదునుగా అరిగింది. నేరుగా ఉన్నంతసేపు బల్ల మీద పెట్టినట్టు ఉంటుంది, వాలేటప్పుడు ఆ చదును అంచు దాటగానే ధబీమని పడుతుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఓడోమీటరు కన్నా ముందు ఈ అంకె చూడటం మేలు.

అసలు పనితనం కనపడింది తాడు కొలతలో. బండిని మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి, వెనక టైరు వెనక నుంచి సన్న నైలాన్ తాడు చుట్టి, రెండు కొసలూ నేలకి అడుగు లోపు ఎత్తులో ముందుకి లాగారు. తాడు వెనక టైరు ముందంచునీ వెనకంచునీ రెండిటినీ తాకాలి, మధ్యలో స్టాండుకి తగలకూడదు. ముందు టైరు వెడల్పు 90, వెనకది 140 కనుక ముందు టైరుకి రెండు పక్కలా 25 మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ రావాలి. ఎడమన 32, కుడిన 18 వచ్చింది. అంటే వెనక చక్రం ఎడమకి చూస్తోంది, నేరుగా పోవాలన్నా హ్యాండిల్ కాస్త ఎడమకి తిప్పి పట్టుకోవాలి.

చైన్ అడ్జస్టర్ గీతలు మాత్రం రెండు వైపులా ఒకే అంకె మీద ఉన్నాయి! ఆ గీతల్ని నమ్మి సెట్ చేసే షెడ్లే ఎక్కువ. ఇక్కడ స్వింగ్ ఆర్మ్ బోల్టు మధ్య నుంచి యాక్సిల్ మధ్య దాకా రెండు పక్కలా కొలిచారు. తేడా ఒక్క మిల్లీమీటరు. అంతేనా అనిపిస్తుంది. అడ్జస్టర్ల మధ్య దూరం ఇరవై సెంటీమీటర్లు, చక్రాల మధ్య 1350 మిల్లీమీటర్లు. ఇక్కడి ఒక మిల్లీమీటరు ముందు చక్రం దగ్గరికి వెళ్లేసరికి దాదాపు ఏడు మిల్లీమీటర్లవుతుంది.

వెనక షాకర్ల స్ప్రింగు బిగువు ఒకటి రెండో మెట్టు మీద, ఇంకోటి నాలుగో మెట్టు మీద ఉంది. ఐదు మెట్లలో రెండూ ఒకే చోట ఉండాలి, లేకపోతే గుంట తగిలినప్పుడల్లా స్వింగ్ ఆర్మ్ మెలితిరుగుతుంది. స్పానరుతో తిప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. దీన్ని ఎవరూ చూడరు.

అప్పుడు కోన్ సెట్. ఇంజన్ కింద చెక్క పెట్టి ముందు చక్రం లేపారు. ఫోర్కుల కింది కొసలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే ఆట (వదులు) లేదు. చెన్నై మేస్త్రీలు దీన్నే 'ఆట్టం' అంటారు. కానీ హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో టక్కున కూర్చుంటోంది. విప్పి, బాల్స్ తిరిగే కప్పు చేతికిచ్చారు. లోపల వేలు తిప్పి చూస్తే పెసరగింజలు ఒత్తినట్టు వరసగా గుంటలు. నేరుగా పోతూ స్పీడ్ బ్రేకర్లు కొట్టినప్పుడల్లా బాల్స్ అదే చోట దెబ్బ వేస్తాయి. ఆ గుంటల్ని కప్పిపుచ్చడానికి ఎవరో నట్టు మరీ బిగించారు. అది ఇంకా చెడ్డది, ఎందుకంటే నెమ్మదిగా పోయేటప్పుడు బండి తన బ్యాలెన్స్ కోసం చేసుకునే చిన్న చిన్న కదలికలు ఆగిపోయి తాగినవాడిలా తూలుతుంది.

టేపర్ రోలర్ సెట్ (బాల్స్ బదులు కోసుగా ఉండే రోలర్లు) వేయాలా, బాల్ సెట్టేనా అన్న ప్రశ్నకి నిజాయితీగా జవాబిచ్చారు. రోలర్లు పొడవునా ఆనుతాయి కాబట్టి గుంటలు పడటం తక్కువ. కానీ కొలత సరిపోని లోకల్ రోలర్ సెట్ వేస్తే 'టీ' (ఫోర్కుల్ని పైన పట్టే అడ్డపట్టీ) పైకి లేచి నట్టుకి మర చాలదు. కంపెనీ బాల్ సెట్టే వేశారు: కొత్త కప్పులు సూటిగా దించి, గ్రీజు నింపి, బాల్స్ లెక్క రెండుసార్లు చూసి. నట్టు బిగించి, హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగుసార్లు తిప్పి, మళ్లీ కొద్దిగా వదిలారు. మధ్య నుంచి తాకి వదిలితే హ్యాండిల్ రెండు వైపులా తన బరువుకే పడాలి. పడింది.

ఫోర్కుల దగ్గర ఎడమ పైపు టీ పైన కుడిదానికన్నా మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా పొడుచుకుని ఉంది. ఒకసారి పడ్డ బండి అని అక్కడే తెలిసిపోయింది. పైపుల్ని దళసరి అద్దం మీద దొర్లించి చూశారు, వంపు లేదు. రెండిట్లోనూ ఆయిల్ సమంగా పోసి, స్ప్రింగు తీసి పైపు పూర్తిగా దించి, పైనుంచి ఆయిల్ లోతు కొలిచారు. యాక్సిల్ వేలితో తోస్తే దూరాలి, సుత్తి అవసరమైతే ఫోర్కులు మెలికలో ఉన్నట్టు. కింది బోల్టులు వదులుగా ఉంచి బండిని నాలుగుసార్లు కిందికి నొక్కి, అప్పుడు బిగించారు.

లోపాలూ ఉన్నాయి. బిగువు కొలిచే టార్క్ రెంచ్ లేదు, అంతా చేతి లెక్క. సన్న వంపు కొలిచే డయల్ గేజ్ లేదు; అద్దం మీద పెద్ద వంపు దొరుకుతుంది, వెంట్రుకవాసి వంపు దొరకదు. వంగిన అలాయ్ రిమ్ కాచి సరిచేస్తామని కూడా అంటారు, ఆ మాట వినకండి, పగులు లోపలే ఉండిపోతుంది. ముందు మడ్‌గార్డ్ బోల్టు ఒకటి బిగించడం మరిచారు. ఫోర్కుల్ని రెండిటినీ కలిపి పట్టడంలో ఆ మడ్‌గార్డ్ పట్టీకీ పని ఉంది కనుక ఇది చిన్న మరుపు కాదు. ట్రయల్ కోసం తిప్పేది లాంగ్స్ గార్డెన్ రోడ్డు ట్రాఫిక్‌లో, నలభై దాటదు. స్పీడులో తోక ఊగే బండి అయితే ఇక్కడ పరీక్ష కాదు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మీరే చూసుకోవాలి.

బిల్లు కోన్ సెట్, ఫోర్క్ సీల్స్, ఆయిల్, లేబర్ కలిపి 2,350. తాడు కొలతకి విడిగా తీసుకోలేదు. వెనక 120/80 టైరు బయట కొనాలి. దాన్ని వేశాక తాడు కొలత పక్కకి 15 చొప్పున వచ్చింది, కత్తిపారా లూపులో హ్యాండిల్ మీద రెండు వేళ్లు చాలాయి, కుడి మలుపుకీ అంతే బలం.

కొత్త బాల్స్ కుదురుకుంటాయి కాబట్టి 300 కిలోమీటర్లకి మళ్లీ రమ్మంటారు. తప్పక వెళ్లండి. స్టెమ్ నట్టు మరో వీసమెత్తు బిగించాల్సి వచ్చింది, ఆ రోజు మడ్‌గార్డ్ బోల్టు కూడా వేయించాం.