పైకం పడిందని ఫోనే చెప్పాలి: ఆండ్రాయిడ్ 15లో నోటిఫికేషన్ చదివే యాప్ సంగతి

తూకం వేస్తున్నప్పుడు చేతులు ఖాళీ ఉండవు. బేరానికొచ్చినవాళ్లు స్కాన్ చేసి "అయిపోయింది" అని తెర చూపిస్తారు. అది నిజమైన చెల్లింపో, పాత స్క్రీన్‌షాటో, పచ్చ టిక్కు మాత్రమే చూపించే దొంగ యాపో గల్లా ఇవతల నుంచి తేల్చడం కష్టం. అందుకే ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు చిన్న కొట్లకు ఫోను "నూట ఎనభై రూపాయలు జమ" అని తెలుగులో పైకి చెప్పడాన్ని మించిన సదుపాయం లేదంటాను. ఫోనులో నాకు కావలసింది ఆ ఒక్కటే. కెమెరా, తెర, బ్యాటరీ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆండ్రాయిడ్ 13తో వచ్చిన ఈ ఫోను 14 దాటి ఇప్పుడు 15 మీద నడుస్తోంది. ఈ రెండు అప్‌డేట్లలో ఆ ఒక్క పనికి ఏమైందో, ఎలా దారికి తెచ్చుకోవచ్చో చెబుతాను.

యాప్ చేసేది చిన్న పని. నోటిఫికేషన్ రాగానే అందులోని మాటలను టెక్స్ట్-టు-స్పీచ్ ఇంజిన్‌కి, అంటే రాతను పైకి చదివే ప్రోగ్రాముకి, ఇచ్చి చదివిస్తుంది. ఫోను పనులను ఆటోమేటిక్‌గా చేయించే టాస్కర్, మాక్రోడ్రాయిడ్ లాంటి యాప్‌లతోనూ ఇది కట్టుకోవచ్చు. నేను వాడేది కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటు నుంచి ఏపీకేగా (ప్లే స్టోరుతో పని లేకుండా వేసుకునే యాప్ ఫైలుగా) దించుకున్న ఓపెన్ సోర్స్ యాప్. యూపీఐ యాప్, ఎస్‌ఎంఎస్ యాప్ ఈ రెండే చదవమని పెట్టాలి. రెండూ అవసరమే. చాటికోణ బుధవారం సంత లాంటి చోట కొండల మధ్య డేటా నిలవదు, యూపీఐ యాప్ నోటిఫికేషన్ ఆలస్యమవుతుంది. బ్యాంకు ఎస్‌ఎంఎస్‌కి డేటా అక్కర్లేదు, టవరు అందితే చాలు. అలాగని ఎస్‌ఎంఎస్‌నే నమ్ముకోవడానికీ లేదు, చిన్న మొత్తాలకు పంపడం మానేసిన బ్యాంకులున్నాయి.

అమరిక బాగా కుదిరితే ఈ పద్ధతి చాలా హాయి. సందేశంలో "క్రెడిటెడ్" లేదా "రిసీవ్డ్" ఉంటేనే చదవాలి, "డెబిటెడ్" ఉంటే వదిలేయాలి అని ఫిల్టర్ పెట్టండి. పదాల మార్పిడి పట్టికలో "ఆర్‌ఎస్" చుక్కతో ఒకసారి, చుక్క లేకుండా ఒకసారి రాసి రెండింటికీ "రూపాయలు" అని ఇవ్వండి. ఒకే సందేశం పది సెకన్లలో మళ్లీ వస్తే చదవొద్దని పెట్టండి. లేకపోతే ఒకే జమ రెండుసార్లు వినిపిస్తుంది, ఎదుటివాళ్లతో అనవసరమైన తగువు. గొంతు సాధారణంగా మీడియా వాల్యూమ్ మీద నడుస్తుంది. రింగ్ వాల్యూమ్ ఎంత పెంచినా మీడియా సున్నాలో ఉంటే ఏమీ వినపడదు. బ్లూటూత్ స్పీకరు పెట్టుకున్నవాళ్లకు ఇంకో చిక్కు: కాసేపు ఊరుకుంటే స్పీకరు నిద్రపోతుంది, మళ్లీ లేచేలోగా మొదటి మాట మింగేస్తుంది. ఆ మొదటి మాటే అంకె అయితే మొత్తం వృథా. చదివే వాక్యం మొదట "జమ జమ" అని రెండు పదాలు చేరిస్తే స్పీకరు వాటిని మింగి అంకెను వదిలేస్తుంది.

తెలుగు గొంతు ప్యాకును ముందే దించి ఫోనులో ఉంచుకోవాలి. నెట్ మీద నడిచే గొంతు సంతలో మూగబోతుంది. ఈస్పీక్ ఎన్‌జీ ఇంజిన్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. గొంతు యంత్రంలా ఉన్నా నెట్ లేకుండా నడుస్తుంది. బేరమంతా ఒడియాలోనే సాగే కొట్లో ఒడియా పెట్టుకోవడమే మేలు. ఒకేసారి రెండు భాషల్లో చెప్పించే వీలు నా యాప్‌లో లేదు.

ఇక అడ్డంకులు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి "రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అనే కంచె ఉంది. బ్రౌజరులోంచో, వాట్సాప్‌లోంచో, ఫైల్ మేనేజరులోంచో ఏపీకే తెరిచి వేసిన యాప్‌కి యాక్సెసిబిలిటీ (తెరను చదివి నడిపే అనుమతి), నోటిఫికేషన్ యాక్సెస్ (నోటిఫికేషన్లు చదివే అనుమతి) నేరుగా ఇవ్వనివ్వదు. టాగుల్, అంటే ఆన్-ఆఫ్ మీట, బూడిదరంగులో ఉంటుంది, నొక్కితే భద్రత కోసం ఇది అందుబాటులో లేదంటూ ఒక పెట్టె వస్తుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. నిజానికి ఆ పెట్టె వచ్చాకే దారి తెరుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, ఆ యాప్ పేరు నొక్కి, పైన కుడివైపు మూడు చుక్కల్లో "అలౌ రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్" నొక్కి, పిన్ లేదా వేలిముద్ర ఇవ్వాలి. ఒక్కసారైనా టాగుల్ నొక్కి ఆ పెట్టె చూడకపోతే మూడు చుక్కల్లో ఈ మాటే కనపడదు. ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ లాంటి స్టోరు ద్వారా వేసిన యాప్‌కి 13లో ఈ కంచె అడ్డురాలేదు, ఎందుకంటే స్టోర్లు వాడే ఇన్‌స్టాల్ పద్ధతి వేరు. మీ యాప్ ప్లే స్టోరులోనో ఎఫ్-డ్రాయిడ్‌లోనో దొరికితే అక్కడి నుంచే తీసుకోండి.

ఈ కంచె మీద నాకు కోపం లేదు. చలానా పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకేలు ఎస్‌ఎంఎస్‌లు చదివి ఖాతాలు ఖాళీ చేస్తున్న కాలం ఇది. తెలియనివాళ్ల చేతిలో ఆ టాగుల్ సులువుగా ఉండకపోవడమే మంచిది.

నా గొడవంతా ఆండ్రాయిడ్ 15తో. 2024లో వచ్చిన ఈ వెర్షన్‌లో ఓటీపీ ఉన్న నోటిఫికేషన్‌ను సిస్టమ్ గుర్తుపట్టి, బయటి యాప్‌కి ఇచ్చేటప్పుడు అందులోని మాటలు తీసేసి, "సెన్సిటివ్ నోటిఫికేషన్ కంటెంట్ హిడెన్" అనే వాక్యం పెడుతుంది. మన కంటికి తెర మీద సందేశం మామూలుగానే కనిపిస్తుంది, యాప్‌కి మాత్రం ఆ వాక్యమే అందుతుంది. ఆలోచన చాలా మంచిది. కానీ జమ సందేశాలూ కొన్ని ఆ వలలో పడుతున్నాయి. నేను గమనించినంతలో, ఖాతా చివరి నాలుగంకెలు, రిఫరెన్స్ నంబరు ఉండి చివర "ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పొద్దు" అనే హెచ్చరిక కూడా ఉన్న బ్యాంకు ఎస్‌ఎంఎస్‌లకే ఇది ఎక్కువ. అంకెలూ ఓటీపీ అనే మాటా ఒకే చోట ఉండేసరికి అది ఓటీపీ సందేశమే అనుకుంటుంది. యూపీఐ యాప్ నోటిఫికేషన్లు దాదాపు ఎప్పుడూ చిక్కుకోవు. అంటే డేటా ఉన్న ఊళ్లో అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఎస్‌ఎంఎస్ ఒక్కటే దిక్కయ్యే సంతలో, సరిగ్గా అవసరమైన చోట, మూగబోతుంది. మనం పెట్టుకున్న ఫిల్టరు "క్రెడిటెడ్" అనే మాట కోసం వెతుకుతుంది, దాచిన వాక్యంలో ఆ మాట ఉండదు, కాబట్టి ఫోను తప్పుగా కూడా ఏమీ అనదు. ఏం జరిగిందో తెలియాలంటే ఫిల్టరు కాసేపు తీసి చూడాలి.

ఫోను పలకడం మానేస్తే మన దగ్గర రిపేరు షాపులో మొదట చెప్పే మందు యాప్ తీసేసి మళ్లీ వేయమని. ఇక్కడ దాంతో పని ఇంకా చెడుతుంది. కొత్తగా వేసిన యాప్ కాబట్టి రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్ మళ్లీ పడుతుంది, ఫిల్టర్లూ పదాల పట్టికా పోతాయి. దానికి తోడు, నోటిఫికేషన్, ఎస్‌ఎంఎస్, యాక్సెసిబిలిటీ అనుమతులు అడిగే ఏపీకేలను బ్రౌజరు, మెసేజింగ్ యాప్, ఫైల్ మేనేజరుల నుంచి వేయబోతే ఫోనులోని గూగుల్ కాపలా ప్లే ప్రొటెక్ట్ అడ్డుకునే ఏర్పాటును గూగుల్ 2024లో ఇండియాలో పైలట్‌గా ప్రకటించింది. మొన్నటిదాకా ఉన్న యాప్ ఈసారి అసలు ఎక్కకపోవచ్చు. అందుకే ముందు యాప్‌లోంచి సెట్టింగులు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. తర్వాత నోటిఫికేషన్ యాక్సెస్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి, పెద్ద అప్‌డేట్ తర్వాత తెగిన లంకె చాలాసార్లు దీంతోనే అతుక్కుంటుంది. బ్యాటరీ విభాగంలో ఈ యాప్ "అన్‌రెస్ట్రిక్టెడ్"లో ఉందో లేదో, ఆటోస్టార్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అప్‌డేట్ తర్వాత ఇవి పాత స్థితికి వెళ్లిపోవడం నా ఫోనులో జరిగింది. ఆ తర్వాత కూడా యూపీఐ నోటిఫికేషన్ పలికి ఎస్‌ఎంఎస్ పలకకపోతే, దోషం ఓటీపీ దాపరికానిదే.

దానికి రెండు మందులున్నాయి. మొదటిది సులువు: సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ కింద "ఎన్‌హాన్స్‌డ్ నోటిఫికేషన్స్" ఆఫ్ చేయడం. ఓటీపీని గుర్తుపట్టే సిస్టమ్ భాగం దాంతో ఆగుతుంది. ఇబ్బంది ఏమిటంటే నోటిఫికేషన్ యాక్సెస్ ఉన్న ప్రతి యాప్‌కీ ఓటీపీలు మళ్లీ కనపడతాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ టాగుల్ కనిపించదు కూడా.

రెండోది ఒక్క యాప్‌కే తలుపు తీస్తుంది, నేను నిలబడింది దీని మీదే. బిల్డ్ నంబరు ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ (కంప్యూటరు నుంచి ఫోనుకి ఆదేశాలిచ్చే సాధనం) ఉన్న కంప్యూటరుకి తగిలించాలి. కంప్యూటరుకి కేబులు లేకపోతే ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ ఉంది. ఏడీబీ షెల్‌లో "యాప్‌ఆప్స్ సెట్" అని చిన్నక్షరాలతో, తర్వాత యాప్ ప్యాకేజీ పేరు, తర్వాత "రిసీవ్ సెన్సిటివ్ నోటిఫికేషన్స్" అన్నీ పెద్దక్షరాలతో, మూడు పదాల మధ్య అండర్‌స్కోర్లతో, చివర "అలౌ" అని కొట్టాలి. రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్ మెనూ దొరకని ఫోనులోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది, మధ్య మాట "యాక్సెస్ రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్" అవుతుంది. పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్ తప్పకుండా ఆఫ్ చేయండి. అవి ఆన్‌లో ఉంటే తెరుచుకోని బ్యాంకు యాప్‌లున్నాయి. ఇచ్చిన అనుమతి యాప్ తీసేసేదాకా నిలుస్తుంది. అయితే ఆ యాప్ ఇకపై ఓటీపీలూ చదవగలదు. కాబట్టి ఇంటర్నెట్ అనుమతి అసలు అడగని యాప్‌కే ఇలా ఇవ్వండి. యాప్ సమాచారంలో అనుమతులన్నీ తెరిచి చూస్తే అది తెలుస్తుంది.

మొదట్లో నోటిఫికేషన్ చదివే యాప్ ఉంటే సౌండ్‌బాక్స్ (జమను పైకి చెప్పే, నెలనెలా అద్దెకు తీసుకునే పెట్టె) అక్కర్లేదని నేను అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాత అరగంట కూర్చుని సరిచూసుకోగల మనిషి ఇంట్లో ఉంటేనే ఇది కుదిరే పని. నాకు ఏడీబీ అలవాటే, కొట్టూ చిన్నదే, నెలనెలా అద్దె కట్టడం ఇష్టం లేదు, కాబట్టి నాకు ఇదే నయం. పొద్దుగూకులూ బేరం ఉండే కొట్టయితే, ఫోను ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగేదయితే, సొంత సిమ్ముతో నడిచే సౌండ్‌బాక్సే తీసుకోండి.

ఫోను ఆండ్రాయిడ్ 14లోనే ఉండి అంతా పలుకుతుంటే వెర్షన్ మార్చడానికి తొందరపడకండి, నెలవారీ భద్రతా ప్యాచ్‌లు మాత్రం వేసుకోండి. ప్లే స్టోరు బయటి యాప్‌లకు కూడా డెవలపర్ ధ్రువీకరణ (యాప్ చేసినవాళ్లు తామెవరో గూగుల్‌కి చూపించడం) తప్పనిసరి చేస్తామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌తో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు తెస్తామంది. ప్రమాదం తెలిసి వేసుకునేవాళ్లకు వేరే దారి ఉంచుతామని తర్వాత చెప్పింది, ఏడీబీ ద్వారా వేసుకోవడం కొనసాగుతుందనీ చెప్పింది. అందుకే పనిచేస్తున్న ఏపీకే ఒక కాపీ, ఎక్స్‌పోర్ట్ చేసిన సెట్టింగుల ఫైలు, ఆ రెండు కమాండ్లు రాసిన కాగితం గల్లా సొరుగులో పెట్టుకున్నాను. మీరూ ఈ దారి పడితే ఆ మూడూ మొదటిరోజే సిద్ధం చేసుకోండి.