ఎబ్రో డెల్టాలో అద్దె గ్రావెల్ సైకిల్: ఇలాంటి షాపు గోపాలపూర్‌కి రావాలి

సైకిల్ చేతికిచ్చే ముందు ఆ షాపులో అమ్మాయి నా బరువు అడిగింది. 62 కిలోలని చెప్పగానే ముందు టైరులో 28, వెనక టైరులో 31 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండేలా గాలి తీసేసింది. అంత తక్కువేమిటని మా తమ్ముడు అడిగాడు. గాలి తక్కువైతే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది, ఎక్కువైతే దిగబడుతుంది అని చెప్పింది. సైకిల్ అద్దెకిచ్చే షాపు మంచిదో కాదో నాకు ఇక్కడే తెలిసిపోతుంది. ఫ్రేము ఏ కంపెనీది, గేర్లు ఎన్ని అనేవి ఆ తర్వాతి మాటలు.

నేను ఒడిశాలో, గంజాం జిల్లా బరంపురంలో మందుల షాపు నడుపుతాను. వయసు యాభై దాటింది. తెల్లవారుజామున గోపాలపూర్ సముద్రతీరం దాకా సైకిల్ తొక్కడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. తమ్ముడు బార్సిలోనాలో ఉంటాడు. మే నెలలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు "అప్పా (అక్కా), నీకు నచ్చే చోటు ఒకటుంది" అంటూ రైలెక్కించి స్పెయిన్‌లోని ఎబ్రో నది సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళాడు. లాల్దేయా స్టేషన్‌లో దిగితే అంపోస్తా ఊరు దగ్గరే. చుట్టుపక్కల సైకిళ్ళు అద్దెకిచ్చే షాపులు చాలానే ఉన్నాయి. మేం వెళ్ళినది వాటిలో ఒకటి. రోజుకి 40 యూరోలు తీసుకున్నారు, అంటే దాదాపు నాలుగు వేల రూపాయలు. తక్కువేం కాదు. అయినా ఆ డబ్బుకి న్యాయం జరిగింది.

గ్రావెల్ సైకిల్ అంటే చూడ్డానికి రేసు సైకిల్‌లా ఉంటుంది, హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. తేడా అంతా టైర్లలో. రేసు సైకిల్ టైరు వేలంత సన్నగా ఉంటే దీనిది 45 మిల్లీమీటర్లు. లోపల ట్యూబ్ ఉండదు, సీలెంట్ అనే పాల లాంటి ద్రవం పోస్తారు. చిన్న ముల్లు దిగితే ఆ ద్రవమే వచ్చి కన్నం మూసేస్తుంది. డిస్క్ బ్రేకులు తడిలో కూడా గట్టిగా పడతాయి. నాకిచ్చిన సైకిల్‌కి ముందు పళ్ళచక్రం ఒకటే, వెనక పదకొండు గేర్లు. తారు రోడ్డు మీద ఉత్సాహంగా పరిగెడుతుంది, మట్టి గట్టు మీదికి దిగినా ఒళ్ళు హూనం కాదు. మౌంటెన్ సైకిల్ కూడా మట్టిలో వెళ్తుంది గానీ, చదును దారిలో రోజంతా తొక్కితే దాని బరువు తెలిసొస్తుంది.

ఇక దారి. ఈ డెల్టా సుమారు 320 చదరపు కిలోమీటర్లు, అంతా చదునే. 1983 నుంచి ఇందులో కొంత భాగం రక్షిత ప్రకృతి పార్కు. ఎటు చూసినా వరిమళ్ళే. ఏప్రిల్‌లో మళ్ళకి నీళ్ళు పెడతారు, సెప్టెంబరులో కోతలు. మేం వెళ్ళేసరికి నీళ్ళు నిండిన మళ్ళలో వరి అప్పుడప్పుడే పైకి లేస్తోంది. కాలవ గట్ల వెంట, తూముల పక్కనుంచి తొక్కుతుంటే నాకు ఇచ్ఛాపురం వైపు మా పెదనాన్నగారి పొలం దారి గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే అక్కడ నాట్లు వేసే మనుషులు లేరు. విత్తనం నేరుగా మళ్ళలోనే చల్లేస్తారట. ఒకచోట కాలవ గోడ మీద గులాబీ రంగు గుడ్ల గుత్తులు అంటుకుని ఉన్నాయి. 2009లో ఈ డెల్టాలోకి చొరబడిన ఆపిల్ నత్త గుడ్లు అవి. లేత వరిని తినేస్తుంది కాబట్టి రైతులకి దానితో పెద్ద టెన్షన్.

నది కుడి గట్టు వెంట సాంట్ జౌమ్ వరకు, అక్కడినుంచి పోబ్లెనౌ అనే తెల్లటి ఇళ్ళ ఊరు మీదుగా ట్రబుకదోర్‌కి. ఈ ట్రబుకదోర్ కోసమే నేను ఆ డబ్బు మళ్ళీ ఇస్తాను. సుమారు 6 కిలోమీటర్ల పొడవున్న సన్నటి ఇసుక తిన్నె అది. ఒక పక్క మధ్యధరా సముద్రం, ఇంకో పక్క కదలని అఖాతం, ఆ అఖాతంలో ఆల్చిప్పలు పెంచే తెప్పలు. తడి ఇసుక గట్టిగా ఉన్నంతసేపు సైకిల్ జారుతున్నట్టు పోయింది. పొడి ఇసుక తగిలినప్పుడు చిన్న గేరులోకి మార్చి, హ్యాండిల్ బిగించి పట్టుకోకుండా తొక్కమని ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఆ మాట పనికొచ్చింది. తిన్నె చివర ఉప్పుమళ్ళు ఉన్నాయి, ఆ పక్కన రాజహంసలు గూళ్ళు పెట్టే చోటు. అక్కడ అడ్డుగేటు వేసి ఉంటుంది, ఇష్టం వచ్చినట్టు లోపలికి వెళ్ళనివ్వరు. మేం గేటు ఇవతలే ఆగి చూశాం. అలా ఆపడం నాకు ఎంతో నచ్చింది.

ఈ తిన్నె ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. 2020 జనవరిలో గ్లోరియా తుపాను దీన్ని తెంపేసింది, వేల ఎకరాల వరిమళ్ళలోకి ఉప్పునీరు వచ్చింది. నది ఎగువన 1960ల్లో కట్టిన మెకినెన్సా, రిబా-రోజా ఆనకట్టల వెనకాల ఒండ్రు ఆగిపోతోంది. కొత్త మట్టి రాక డెల్టా కుంగుతోంది, సముద్రం తింటోంది. మన తీరంలోని పొదంపేట అనే పల్లె ఎలా కోతకి గురై జనం ఊరు విడిచిపోవలసి వచ్చిందో చూసినవాళ్ళం మనం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇంట్లో తలుపులు పట్టుకుని కూర్చున్నవాళ్ళం. అందుకే ఆ ఇసుక మీద తొక్కుతున్నంతసేపూ అది నాకు పరాయి దేశంలా అనిపించలేదు.

గాలి గురించి షాపువాళ్ళు ఇచ్చిన సలహా విలువైనది. అక్కడ వాయవ్యం నుంచి లోయ వెంబడి దిగే గాలి ఒకటి ఉంది, అది బలంగా వీచే రోజుల్లో సముద్రం వైపు వెళ్ళడం సులువు, తిరిగి రావడం నరకం. మేం వెళ్ళిన రోజు అది లేదు. "పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది, అదే మిమ్మల్ని ఊళ్ళోకి తోస్తుంది" అన్నారు. సరిగ్గా అలాగే జరిగింది. మొత్తం 60 కిలోమీటర్లు తొక్కినా తిరుగు ప్రయాణంలో అలసట తెలియలేదు.

లోపాలు కూడా చెప్పాలి. సీటు మగవాళ్ళ కొలతకి చేసినది. ఆడవాళ్ళ సీటు అడిగితే ముందే చెప్పాల్సిందన్నారు. మధ్యాహ్నం చాలాసేపు షాపు మూసేస్తారు, ఆ సమయంలో దారిలో ఏదైనా అయితే ఫోను ఎత్తే మనిషి లేడు. పంపు, ముళ్ళ కన్నాలకి పెట్టే రబ్బరు ముక్కలు, తాళం, హెల్మెట్ ఇచ్చారు కానీ నీళ్ళ సీసా ఒక్కటే. ట్రబుకదోర్ మీద చెట్టు నీడ లేదు, కొళాయి లేదు. నాలాంటి వయసువాళ్ళకి రెండు సీసాలు ఇవ్వాలి. ఫోనులోకి దారి పంపారు, దాంట్లో నీళ్ళు దొరికే చోట్లు గుర్తుపెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఇప్పుడు మన సంగతి. గోపాలపూర్‌లో ఇలాంటి షాపు ఒకటి ఎందుకు లేదని తిరిగొచ్చినప్పటి నుంచి అడుగుతున్నాను. దారులు మన దగ్గర లేకనా? హుమ్మా వైపు ఉప్పుమళ్ళ గట్లు ఉన్నాయి. ఋషికుల్య నది మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర సరుగుడు తోటల మధ్య ఇసుక బాటలు ఉన్నాయి. దక్షిణాన సోనాపూర్ దగ్గర బాహుదా మొగ ఉంది, అక్కడినుంచి ఇచ్ఛాపురం ఎంతో దూరం కాదు. దారిలో జాలరిపేటల్లో తెలుగులోనే అడిగి వెళ్ళొచ్చు, ఆగితే కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు. మామూలు సైకిల్ ఆ ఇసుకలో కూరుకుపోతుంది. మోటారు బండితో వెళ్తే ఆ చోటు ప్రశాంతత పాడవుతుంది.

ఎవరైనా పెట్టదలిస్తే నా సలహాలు ఇవి. టైరు 45 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండకూడదు. సీలెంట్ తప్పనిసరి, ఎందుకంటే గంజాం తీరమంతా మొగలి పొదలే, వాటి ఆకుల అంచులనిండా ముళ్ళు. సర్కారు తుమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. సాయంత్రం సైకిల్ తిరిగి రాగానే మంచినీళ్ళతో కడిగి, చైను తుడిచి నూనె వేయాలి, లేకపోతే ఉప్పు గాలి చైన్నీ బోల్టుల్నీ త్వరగా తినేస్తుంది. వేసవిలో మధ్యాహ్నం దక్షిణపు గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి పొద్దున దక్షిణానికి వెళ్ళి, మధ్యాహ్నం ఉత్తరానికి తిరిగేలా దారి వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీదికి ఒక్క చక్రం కూడా పోకూడదు. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైన పడుతుంది, అందాకా ఊళ్ళ వెనక బాటల్లోనే తిప్పాలి. ఎబ్రోలో గేటు వేసినట్టు ఇక్కడా షాపువాడే ఆ హద్దు చెప్పాలి.

బరంపురం పెద్దబజారులో నాకు తెలిసిన సైకిల్ షాపు ఆయనతో మాట్లాడాను. "అడిగేవాళ్ళు ఉంటే రెండు తెప్పిస్తానమ్మా, అద్దెకి తిప్పుదాం" అన్నారు. రోజుకి 600 రూపాయలైనా ఇచ్చి తీసుకోవడానికి నేను సిద్ధం. మీలో ఎవరికైనా ఇష్టముంటే ఆయన దగ్గరికి వెళ్ళి అడగండి. అడిగేటప్పుడు మీ ఎత్తూ బరువూ కూడా చెప్పండి, దాన్నిబట్టే ఫ్రేము సైజు తెప్పిస్తారు.