మాత్రలు కోసే డబ్బా: డిప్రెషన్ మందు తగ్గించేవాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది

అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. మూతకి లోపలివైపు బిగించిన స్టీలు బ్లేడు, అడుగున మాత్ర కదలకుండా ఆనడానికి ఇరుకైన గాడి. మందుల షాపులో పిల్ కట్టర్ అని అడగాలి. భీమవరం, అమలాపురం, తణుకు లాంటి ఊళ్ళలో మీరు వెళ్ళే షాపులో లేకపోతే చెప్పి తెప్పించుకోండి. రెండు మూడు వందలకి మించి పెట్టనక్కర్లేదు. బీపీ మాత్ర సగం చేసుకునేవాళ్ళకి ఇది కాస్త సౌకర్యం, అంతే. డిప్రెషన్ మందు డాక్టరు సలహాతో తగ్గించుకుంటున్నవాళ్ళకి మాత్రం నిజంగా అవసరమైన సామాను. ఎంతవరకు అవసరం, ఎక్కడ పనికిరాకుండా పోతుంది అన్నదే అసలు సంగతి.

ఎస్‌సిటలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు నెలల తరబడి వాడాక మెదడు వాటికి సర్దుకుని ఉంటుంది. ఉన్నట్టుండి ఆపితే రెండు మూడు రోజుల్లోనే తల తిరగడం, వికారం, చెమటలు, జ్వరం వచ్చేముందులా ఒళ్ళునొప్పులు, పీడకలలు, కారణం లేని ఏడుపు, చిరాకు మొదలవ్వొచ్చు. కళ్ళు పక్కకి తిప్పినప్పుడు తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం చాలామంది చెప్పే లక్షణం. ఇది వ్యసనం కాదు, మనసు బలహీనత అంతకన్నా కాదు. అందరికీ రాదు, వచ్చినవాళ్ళందరికీ ఒకేలా ఉండదు. ఒంట్లోంచి తొందరగా వెళ్ళిపోయే పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఎక్కువ. ఫ్లూఆక్సెటిన్ వారాల తరబడి ఒంట్లో ఉంటుంది కాబట్టి దాంతో తక్కువ, వచ్చినా ఆలస్యంగా వస్తుంది.

మోతాదుని సమానమైన ముక్కలుగా తగ్గిస్తే చాలనుకోవడం దగ్గరే చాలామంది ఇబ్బంది పడతారు. 2019లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో హొరోవిట్జ్, టేలర్ అనే పరిశోధకులు రాసిన వ్యాసం దీన్ని విడమరిచి చెప్పింది. సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 20 మిల్లీగ్రాములు వేసుకుంటే మెదడులో ఆ మందు పట్టుకునే చోట్లలో దాదాపు 80 శాతం నిండుతాయి. 5 మిల్లీగ్రాములకి దిగినా 60 శాతం దగ్గరే ఉంటుంది. అంటే 20 నుంచి 5కి దిగితే పడేది 20 శాతం, 5 నుంచి సున్నాకి దిగితే పడేది ఒక్కసారిగా 60. పై మెట్లు సులువుగా దిగి, ఆఖరి చిన్న ముక్క మానేసిన రోజున కుప్పకూలేది అందుకే. ఉన్న మోతాదులో ఇంత శాతం అని లెక్కేసి తగ్గించుకుంటూ పోవాలి. కిందకి వెళ్ళేకొద్దీ ముక్క చిన్నదవ్వాలి.

ఇక కట్టర్ పనితనం. గీత ఉన్న మాత్రని సగం చెయ్యడంలో బాగుంది. గీత బ్లేడుకి సరిగ్గా కిందకి వచ్చేలా పెట్టి, మూత నెమ్మదిగా కాకుండా ఒక్క ఊపులో గట్టిగా మూయాలి. నెమ్మదిగా నొక్కితే మాత్ర చితుకుతుంది, ఒక ముక్క పెద్దదవుతుంది. పావు ముక్కలు ఫర్వాలేదు అనిపిస్తాయి గానీ నాలుగూ సమానంగా రావు. దానికి ఉపాయం ఉంది. ఒక మాత్రలోంచి వచ్చిన నాలుగు ముక్కల్నీ వరసగా నాలుగు రోజులూ వేసుకుంటే మొత్తం సరిపోతుంది. ఎస్‌సిటలోప్రామ్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 30 గంటలు పడుతుంది కాబట్టి రోజువారీ చిన్న తేడా పెద్దగా తెలియదు. ఒకేసారి షీటు మొత్తం కోసి డబ్బాలో కలిపేస్తే ఈ లాభం పోతుంది. పావు కంటే చిన్న ముక్క మాత్రం దీంతో వద్దు, పొడే మిగులుతుంది.

ఎస్‌సిటలోప్రామ్ వాడేవాళ్ళు 10 కాకుండా 5 మిల్లీగ్రాముల షీటు రాయమని డాక్టరుని అడగండి. ఒకటిన్నర వేస్తే 7.5, ఒకటి 5, ముప్పావు 3.75, సగం 2.5, పావు 1.25. ఒక్క షీటుతో అయిదు మెట్లు దిగొచ్చు. ఒక్కో మెట్టు మీద కనీసం రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళు ఇంకా ఎక్కువే ఆగాల్సి రావచ్చు. రోజు విడిచి రోజు వేసుకుని తగ్గించమని ఎవరైనా చెబితే వినకండి. ఫ్లూఆక్సెటిన్ తప్ప మిగతావాటితో రక్తంలో మందు పెరుగుతూ పడిపోతూ రోజు మార్చి రోజు బాధ తెస్తుంది.

కట్టర్‌లో పెట్టకూడనివి ఉన్నాయి. పేరు చివర ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉంటే మందు నెమ్మదిగా వదిలేలా చేసిన మాత్ర అది. వెన్లాఫాక్సిన్ ఎక్స్‌ఆర్, డెస్‌వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ సీఆర్ ఈ జాతివి. కోస్తే మందంతా ఒకేసారి దిగుతుంది, లేదా అసలు ఏర్పాటే చెడుతుంది. డులాక్సెటిన్ క్యాప్సూల్‌లో గుళికలుంటాయి. వాటి పైపూత కడుపులో యాసిడ్ నుంచి మందుని కాపాడుతుంది కాబట్టి నలపకూడదు. వీటిని తగ్గించడానికి తక్కువ మోతాదు రకానికి మార్చడమా, వేరే మందుకి మళ్ళించడమా అన్నది డాక్టరు చెప్పాలి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం షీటు వెనక దాగి ఉంటుంది. పేరు పక్కన ప్లస్ అనో ఇంకేవో అక్షరాలో ఉంటే తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. ఎస్‌సిటలోప్రామ్‌తో పాటు క్లోనాజిపామ్ అనే, ఆందోళన తగ్గించి మత్తు తెచ్చే మందు కలిపిన మాత్రలు మన దగ్గర బాగా వాడకంలో ఉన్నాయి. దాన్ని సగం కోస్తే రెండు మందులూ ఒకేసారి సగమవుతాయి. క్లోనాజిపామ్ అలవాటైనవాళ్ళు హఠాత్తుగా మానితే ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. అలాంటి మాత్రకి కట్టర్ పట్టకముందే రెండు మందుల్నీ విడివిడిగా రాయించుకుని, ఒకటి తగ్గించాక ఒకటి తగ్గించాలి.

ఎస్‌సిటలోప్రామ్ 1.25 మిల్లీగ్రాముల కిందకి దిగాలంటే కట్టర్ పక్కన పెట్టి నీళ్ళు, సిరంజి తీసుకోవాలి. ఇది మందు డబ్బా మీద రాసి ఉండే పద్ధతి కాదు, డాక్టరు ఒప్పుకోవాలి. 5 మిల్లీగ్రాముల మామూలు మాత్ర ఒకటి చిన్న సీసాలో వేసి, సిరంజితో సరిగ్గా 10 మిల్లీలీటర్లు కొలిచి నీళ్ళు పొయ్యాలి. కాసేపు నాననిచ్చి, ఉండలు లేకుండా బాగా కదిపి, పొడి కిందకి దిగేలోపే సూదిలేని చిన్న సిరంజితో లాగాలి. 2 మిల్లీలీటర్లలో 1 మిల్లీగ్రాము, 1 మిల్లీలీటరులో అర మిల్లీగ్రాము ఉంటుంది. మిగిలింది రేపటికి దాచొద్దు. ముక్కలు తూచుకుందామని గ్రాముల్లో రెండు దశాంశాల దాకా చూపే చిన్న కాటా కొనేవాళ్ళున్నారు. పావు ముక్క బరువే కొన్ని పదుల మిల్లీగ్రాములు, ఆ కాటా చూపించే అతి చిన్న అంకె 10 మిల్లీగ్రాములు. డబ్బు దండగ.

గోదావరి డెల్టా గాలిలో తేమ కోసిన ముక్కలకి శత్రువు. వానాకాలంలో పైపూత తెగిన ముక్క మెత్తబడి రంగు మారుతుంది. నాలుగు రోజులకి సరిపడా కోసి, తేమ పీల్చే చిన్న ప్యాకెట్‌తో బిగుతు మూత డబ్బాలో ఉంచండి. పొయ్యి దగ్గర అలమరలో గానీ ఫ్రిజ్‌లో గానీ వద్దు. బ్లేడుకి అంటిన పొడి పొడిబట్టతో తుడవాలి. కడిగితే పూర్తిగా ఆరాకే వాడాలి. పిల్లలకి అందకూడదు.

మోతాదు తగ్గించిన మొదటి రెండు వారాలు కొబ్బరి చెట్టెక్కి దింపు తియ్యడం, రాత్రిపూట ఒంటరిగా రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి పంపే యంత్రాలు) చూసుకోవడం, కాలువ గట్టు రోడ్డు మీద బండి నడపడం మానుకోవాలి. తల తిరుగుడు చెప్పి రాదు. మే నెల ఎండల్లో చెమటలు, నీరసం వడదెబ్బతో కలిసిపోతాయి. వీలైతే కొత్త మెట్టు ఎండలు తగ్గాక మొదలుపెట్టండి.

గోడ క్యాలెండర్ మీద మోతాదు మార్చిన రోజు, లక్షణం వచ్చిన రోజు రాసిపెట్టాలి. మార్చిన కొద్ది రోజులకే తల జివ్వుమనడంతో మొదలై, పాత మోతాదుకి వెళ్ళగానే రోజుల్లో సర్దుకుంటే అది మందు తగ్గించినందుకు వచ్చిన బాధ. వారాలు, నెలల మీద నెమ్మదిగా కమ్ముకునే దిగులు జబ్బు తిరగబెట్టడం కావచ్చు. ఈ తేడా తెలియక ఆ బాధనే పాత జబ్బనుకుని మళ్ళీ మొదటి మోతాదుకి పోయేవాళ్ళు ఉంటారు. భరించలేకపోతే బాగున్న చివరి మెట్టుకి తిరిగి వెళ్ళి, డాక్టరుతో మాట్లాడి, ఈసారి చిన్న మెట్లు వెయ్యాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే క్యాలెండర్, లెక్కలు వదిలేసి వెంటనే ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ప్రాణం మీదకొస్తే 108, మాట్లాడే మనిషి కావాలంటే 14416. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడొచ్చు. ఈ ప్రాంతం వాళ్ళు మానసిక వైద్యుల్ని కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో కూడా చూపించుకోవచ్చు.

లంక గ్రామాలవాళ్ళకి ఇంకొక్కటి. జులై, ఆగస్టు నెలల్లో గోదావరి పొంగితే 2022లోలా పడవ తప్ప దారి ఉండదు. వరద ముందు కనీసం రెండు వారాల షీట్లు, కట్టర్, సిరంజి, మందుల చీటీ ఒకే జిప్ కవర్లో పెట్టి ఇంట్లో ఎత్తైన చోట ఉంచుకోండి. గట్టు మీదకో పునరావాస కేంద్రానికో వెళ్ళేటప్పుడు అది చేతిలో ఉండాలి. నీళ్ళు తీసేదాకా మోతాదు ఒక్క మెట్టు కూడా దించకండి.