సీతారామం: లాజిక్ ఎంతవరకు అడగాలి?

సరిహద్దులో పనిచేసే ఒక అనాథ లెఫ్టినెంట్. తనకంటూ ఎవరూ లేరన్న కబురు రేడియోలో రాగానే దేశమంతా అతనికి ఉత్తరాలు రాసేస్తుంది. వాటిలో ఒకటి ఏకంగా భార్యనంటూ సీతామహాలక్ష్మి రాసింది. ఎక్కడినుంచి రాసిందో ఉండదు. హను రాఘవపూడి తీసిన ‘సీతారామం’ (2022) మన ఓపికకు పరీక్ష పెట్టేది ఇక్కడే. ఇది మింగుడుపడకపోతే ముందుకెళ్లడం దండగ.

ప్రేమకథకు ఒక పెద్ద కాకతాళీయం మాఫీ. దాంతో జంటను కలిపితే పేచీ లేదు, చిక్కుముడి విప్పితేనే మోసం. ఈ సినిమాలో రేడియో జంటను కలిపి తప్పుకుంటుంది. తర్వాత వచ్చే కష్టాలన్నీ మనుషుల నిర్ణయాల వల్లే వస్తాయి. నమ్మశక్యం కాని కథ నిలబడింది అందుకే.

(ఇక్కడినుంచి కథ గుట్టు కొంత బయటపడుతుంది.) 1948లోనే హైదరాబాద్ సంస్థానం విలీనమైంది కదా, 1960లలో నడిచే కథలో సీత నిజానికి యువరాణి అనడం ఏమిటని చాలామంది అడుగుతారు. ఆ అభ్యంతరం నిలవదు. సంస్థానాధీశుల బిరుదులకు గుర్తింపు, రాజభరణాలు 1971లో 26వ రాజ్యాంగ సవరణతో గానీ పోలేదు. లెఫ్టినెంట్ రామ్ ఆమె ప్యాలెస్ చిరునామాకు రాస్తే ఇరవై ఏళ్లు చేరని ఉత్తరం సంగతీ అంతే. ఆ ప్యాలెస్‌లో సీతామహాలక్ష్మి అనే మనిషే లేదు. పేరే అబద్ధమైతే ఏ పోస్ట్‌మ్యాన్ మాత్రం ఎవరి చేతికిస్తాడు?

దెబ్బతిన్నది చివర్లో. ఆ ఉత్తరాన్ని సీతకు చేర్చడానికి బయల్దేరిన ఆఫ్రీన్ ఎవరో తేలే మలుపు రెండో కాకతాళీయం, అవసరం లేనిది. ఉత్తరం మోసుకొచ్చిన అమ్మాయి ఆ ప్రయాణంలోనే మారింది, చాలదా? కశ్మీర్‌లో సైన్యం సన్నివేశాలు కూడా తేలికగా లాగించేశారు. యుద్ధ సినిమా ఆశిస్తే నిరాశే.

ఓటీటీలో చూసేవాళ్లు మొదట్లో వచ్చే లండన్ భాగాన్ని ముందుకు జరపకండి. సాగదీత ఉన్నమాట నిజమే. కానీ ఆఫ్రీన్ పొగరు, కారు తగలబెట్టడం, డబ్బు అవసరం అక్కడ చూడకపోతే ఆమె హైదరాబాద్ ఎందుకొచ్చిందో, తర్వాత ఎందుకు కరిగిందో అతకదు. పాటలూ దాటేయొద్దు. సిరివెన్నెల రాసిన ‘కానున్న కళ్యాణం’ ప్రశ్న, జవాబుగా నడుస్తుంది. నాలుగు సీన్లలో చెప్పాల్సిన దగ్గరితనం ఆ ఒక్క పాటలో వచ్చేస్తుంది. విశాల్ చంద్రశేఖర్ సంగీతాన్ని ఫోన్ స్పీకర్‌లో వింటే సగం పోతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

రామ్‌గా దుల్కర్ సల్మాన్, సీతగా మృణాల్ ఠాకూర్, ఈ జోడీ మీదే బరువంతా. రెండోసారి చూస్తే మృణాల్ నటన ఇంకా బాగుంటుంది. తన ఇల్లు, తనవాళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా సీత ఎలా మాట దాటేస్తుందో గమనించండి.