మొత్తం యార్డులా, జట్టులో వాటానా?

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఒక వైడ్ రిసీవర్ (విసిరిన బంతిని, అంటే పాస్‌ను, పట్టే ఆటగాడు) ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌కి, పనికొస్తాడా లేదా అని తేల్చేటప్పుడు చాలామంది ముందు చూసేది మొత్తం యార్డులే, అంటే పాస్‌లు పట్టి అతను జట్టుకి తెచ్చిన దూరమే. నన్నడిగితే జట్టు పాస్ యార్డుల్లో అతని వాటా ఎంతో కూడా పక్కన పెట్టుకోవాలి.

ఖర్చు: రెండూ ఉచితమే.
శ్రమ: యార్డులు నేరుగా కనిపిస్తాయి, వాటాకి ఒక్క భాగహారం చాలు.

అసలు తేడా రిస్క్ దగ్గరే. మొత్తం యార్డులే చూస్తే, పాస్‌లు తక్కువ వేసే జట్టులో ఉన్న కుర్రాడికి అన్యాయం జరుగుతుంది. 2009లో జార్జియా టెక్ కాలేజ్ జట్టు పాస్‌ల కన్నా బంతి పట్టుకుని పరుగెత్తడాన్నే నమ్ముకుంది, డిమారియస్ థామస్ పట్టినవి 46 పాస్‌లే, అయినా 1,154 యార్డులు తెచ్చాడు, అంటే జట్టు పాస్ యార్డుల్లో సగానికి పైనే. వాటా ఒక్కటే చూస్తే మాత్రం పక్కన ఇంకో స్టార్ ఉన్నవాడు చిన్నగా కనిపిస్తాడు. 2019 ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) జట్టులో జస్టిన్ జెఫర్సన్ 1,540 యార్డులు తెచ్చినా వాటా పావు వంతు దగ్గరే ఆగింది, ఎందుకంటే అవతల జమార్ చేజ్ 1,780 లాగేశాడు. అలాంటివాణ్ని వాటా తక్కువని కొట్టిపారేయడం నాకు అస్సలు నచ్చదు.

పరుగు మీద నడిచే జట్టైతే వాటా చూడండి.
ఇద్దరు ముగ్గురు మేటి రిసీవర్లున్న జట్టైతే మొత్తం యార్డులే నమ్మండి.
ఎలా చూసినా వయసు మర్చిపోకండి, 19 ఏళ్లకే దంచినవాడికీ 23 ఏళ్లకు దంచినవాడికీ ఒకే మార్కు వేయకూడదు.