బండి మీద వెళ్లడమా, సర్వర్‌తో సరిచేయడమా? లోకల్ నెట్ ఆపరేటర్‌కు ఏది మేలు

నర్సంపేట, పరకాల, జనగామ వైపు కేబుల్ టీవీతో మొదలుపెట్టి ఇప్పుడు ఇంటింటికీ ఫైబర్ నెట్ ఇస్తున్న లోకల్ ఆపరేటర్లు ఉన్నారు. కనెక్షన్లు వంద లోపు ఉన్నంతకాలం ఒక కుర్రాడు, ఒక బండి, ఒక ల్యాప్‌టాప్ ఉంటే చాలు, పని నడిచిపోతుంది. మూడు నాలుగు వందలు దాటాక మాత్రం "అన్నా, నెట్ వస్తలేదు, జర మనిషిని పంపు" అంటూ పొద్దున్నుంచే ఫోన్లు మొదలవుతాయి. ఇంట్లో పెట్టిన ఓఎన్‌టీ బాక్సులను (ఫైబర్‌లో వచ్చే వెలుగును నెట్‌గా మార్చే పెట్టెలు) ఆఫీసులో కూర్చుని చూసుకోవాలంటే ముందున్న దారులు మూడు: బాక్స్ సెట్టింగుల వెబ్ పేజీని బయటికి తెరిచిపెట్టడం, బాక్సులను దూరం నుంచి నిర్వహించే టీఆర్-069 ప్రమాణంతో సర్వర్ పెట్టుకోవడం, దాని తర్వాత వచ్చిన టీఆర్-369కి వెళ్లడం. నా మాట ముందే చెబుతాను: చిన్న ఆపరేటర్‌కు ఇవాళ టీఆర్-069 మేలు. కాకపోతే దాన్ని పెట్టాల్సిన పద్ధతిలో పెట్టాలి.

బండి మాత్రం ఏ పద్ధతిలోనూ మూలన పడదు. ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా వెలిగిందంటే ఫైబర్‌లో వెలుగే రావడం లేదని అర్థం. స్తంభాల మీదుగా లాగిన కేబుల్ కోతులు వేలాడితే తెగుతుంది, లారీ తగిలితే తెగుతుంది. దాన్ని స్ప్లైసింగ్ మెషిన్ పట్టుకుని వెళ్లి అతికించాల్సిందే. ఆ ఎర్ర లైటు వెలగకుండానే నెట్ మాటిమాటికీ పోతుంటే ఓఎల్‌టీలో (ఆపరేటర్ వైపు ఉండి ఇళ్లన్నింటినీ ఫైబర్‌తో కలిపే పరికరం) ఆ ఇంటికి అందుతున్న వెలుగు బలం చూడాలి. మామూలు జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) బాక్స్ మైనస్ 27 డీబీఎం (వెలుగు బలం కొలత) దాకా బలహీనపడినా తట్టుకుంటుంది. అంకె ఆ అంచున ఉంటే కనెక్టర్‌కు దుమ్ము పట్టి ఉండొచ్చు, వైరు ఎక్కడో మడత పడి ఉండొచ్చు. అయితే రోజూ వచ్చే ఫోన్లలో ఇలాంటివి కొన్నే. వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయారు, బాక్స్ హ్యాంగ్ అయింది, పిల్లవాడు పిన్నుతో రీసెట్ బటన్ నొక్కాడు, ఇలాంటివాటికి పెట్రోల్ తగలేసుకుని పాతిక కిలోమీటర్లు వెళ్లాల్సిన అవసరం లేదు.

వెబ్ పేజీ తెరిచిపెట్టే దారిలో పైసా ఖర్చు ఉండదు. వ్యాన్ (ఇంటి బయటి నెట్‌వర్క్) వైపు నుంచి లాగిన్ పేజీ వచ్చేలా ఒక టిక్ పెడితే ఆఫీసు నుంచే లోపలికి వెళ్లొచ్చు. అన్ని బాక్సులకూ అడ్మిన్, అడ్మిన్ అని ఒకే పాస్‌వర్డ్ వదిలేసేది కూడా ఇక్కడే. కస్టమర్లకు పబ్లిక్ ఐపీ లేదు, అందరూ సీజీన్యాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీని పంచే ఏర్పాటు) వెనకే ఉన్నారు కదా అని కొందరు ధీమాగా ఉంటారు. కానీ అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో కస్టమర్‌కు ఆ పేజీ కనబడకుండా ఆపేది ఏమీ లేకపోతే, పక్క వీధి కుర్రాడు ఆ ఇంటి డీఎన్ఎస్ (సైట్ పేరును అడ్రస్‌గా మార్చే సర్వర్) మార్చేయగలడు. ఈ దారి గురించి ఇంతకంటే ఆలోచించాల్సింది లేదు, వద్దు.

టీఆర్-069 ప్రమాణాన్ని 2004లో డీఎస్ఎల్ ఫోరం తెచ్చింది. ఆ సంస్థే ఇప్పటి బ్రాడ్‌బ్యాండ్ ఫోరం. ఇందులో మాట మొదలుపెట్టేది ఎప్పుడూ ఇంట్లోని బాక్సే. ఆన్ అయినప్పుడు, మధ్యమధ్యలో ఇచ్చిన గడువు ప్రకారం అది ఆపరేటర్ దగ్గరున్న ఏసీఎస్ (బాక్సులను నిర్వహించే) సర్వర్‌కు "నేనున్నాను, నా సీరియల్ నంబర్ ఇది" అని చెప్పుకుంటుంది. చేయాల్సిన మార్పులుంటే సర్వర్ అప్పుడు చెబుతుంది. పీపీపీఓఈ (నెట్‌కు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, వైఫై పేరు, ఫర్మ్‌వేర్ (బాక్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, రీస్టార్ట్, అన్నీ అక్కడి నుంచే. జీనీఏసీఎస్ లాంటి ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి లైసెన్స్ కొనే పని కూడా లేదు.

రీసెట్ నొక్కిన ఇంటి సంగతి తీసుకుందాం. బాక్స్‌లోని సెట్టింగులన్నీ పోయాయి, పీపీపీఓఈ కూడా పోయింది. అయినా అది సర్వర్‌ను చేరుకోవాలి. అందుకని నిర్వహణకు వేరే వీలాన్ (అదే వైరు మీద విడిగా నడిచే దారి) ఉండాలి, అందులో ఐపీ డీహెచ్‌సీపీతో (అడ్రసులు పంచే పద్ధతి) తనంతట తానే రావాలి, సర్వర్ అడ్రస్ ఆ డీహెచ్‌సీపీ జవాబులోని ఆప్షన్ 43లోనో ఫ్యాక్టరీ సెట్టింగుల్లోనో ఉండాలి. ఓఎల్‌టీ ఆ వీలాన్‌ను ఓఎంసీఐ (ఓఎల్‌టీ ఫైబర్ మీదుగా బాక్స్‌కు సెట్టింగులు చెప్పే భాష) ద్వారా బాక్స్‌కు అందిస్తుంది. ఇక్కడ చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. ఇలాంటి బాక్సుల్లో మామూలుగా గడియారం బ్యాటరీ ఉండదు, ఆన్ కాగానే తారీఖు 1970లోనో మరో పాత రోజులోనో ఉంటుంది. సర్వర్‌కు హెచ్‌టీటీపీఎస్ (మాటలను రహస్యంగా ఉంచే కనెక్షన్) పెట్టి, బాక్స్‌లో సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం) తనిఖీ ఆన్ చేశారంటే, ఆ తారీఖుతో సర్టిఫికెట్ చెల్లదని బాక్స్ వెనక్కి తగ్గవచ్చు. సరైన టైము చెప్పే ఎన్‌టీపీ సర్వర్ కూడా అదే వీలాన్‌లో అందేలా పెడితే సరిపోతుంది. విసుగొచ్చి హెచ్‌టీటీపీఎస్‌నే తీసేయడం మాత్రం తప్పు.

గాలివానకు కరెంటు పోయి ఊరంతా ఒక్కసారి తిరిగి వచ్చినప్పుడు బాక్సులన్నీ ఒకేసారి సర్వర్ మీద పడతాయి. జవాబు రాని బాక్స్ ఎడం పెంచుకుంటూ మళ్లీ ప్రయత్నిస్తుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. కానీ మామూలు రోజుల్లో పలకరించే గడువును మరీ ఐదు నిమిషాలకు కుదించకండి.

దీని మీద ఉన్న అసలు భయం భద్రత గురించి, అది నిజమైన భయమే. 2016 నవంబరులో జర్మనీలో డాయిచే టెలికామ్ కంపెనీ కస్టమర్లు దాదాపు 9 లక్షల మందికి రౌటర్లు మొరాయించాయి. మిరాయ్ (రౌటర్ల లాంటి పరికరాల్లోకి చొరబడే వైరస్) రకం దాడి ఇంటర్నెట్ వైపు తెరిచి ఉన్న 7547 పోర్టును వెతుక్కుంటూ వచ్చింది. టీఆర్-069లో సర్వర్ బాక్స్‌ను తట్టి, మాట మొదలుపెట్టమని అడగడానికి వాడే పోర్టు అదే. కాబట్టి అది నిర్వహణ వీలాన్‌లో మాత్రమే, అదీ మీ సర్వర్ ఐపీకి మాత్రమే తెరుచుకోవాలి.

టీఆర్-369 అనేది 2018లో వచ్చింది, యూఎస్‌పీ అని కూడా అంటారు. ఇందులో బాక్స్ ఎంక్యూటీటీ లేదా వెబ్‌సాకెట్ అనే రకం కనెక్షన్‌ను తెరిచే ఉంచుకుంటుంది కాబట్టి గడువు కోసం ఎదురుచూడక్కర్లేదు, బాక్స్‌ను తట్టనూ అక్కర్లేదు, చెప్పిన పని అప్పుడే అవుతుంది. ఒకే బాక్స్‌కు ఒకటికంటే ఎక్కువ కంట్రోలర్లు (బాక్స్‌ను నడిపే సర్వర్లు, యాప్‌లు) ఉండొచ్చు, ఎవరికి ఎంత హక్కో విడిగా రాసిపెట్టొచ్చు. ఇంటివాళ్ల యాప్‌కు వైఫై పాస్‌వర్డ్ మార్చే హక్కు, ఆపరేటర్‌కు లైన్ చూసే హక్కు ఇవ్వొచ్చన్నమాట. పద్ధతిగా చూస్తే ఇదే మెరుగు. కానీ చవక ఓఎన్‌టీలు కొనే ఆపరేటర్‌కు ఇది ఉన్న బాక్స్ దొరకడమే కష్టం, నడిపే మనిషి దొరకడం ఇంకా కష్టం. ఇప్పటికే ఇళ్లలో ఉన్న బాక్సుల్ని దీనికోసం మార్చడం దండగ. కొత్త లాట్ కొనేటప్పుడు మాత్రం రెండు అడగండి: టీఆర్-181 డేటా మోడల్ (సెట్టింగుల పేర్ల జాబితా) ఉందా, ఫర్మ్‌వేర్‌తో తర్వాత టీఆర్-369 వస్తుందా. పాత టీఆర్-098 మోడల్ బాక్సులైతే కంపెనీకో రకం సొంత పేర్లు కలిపి ఉంటాయి, ఒక్కోదానికి వేరే స్క్రిప్టు రాసుకోవాలి.

ఏ సర్వర్ పెట్టినా ఆ ఇంట్లో ఏయే ఫోన్లు, టీవీలు వైఫైకి కలిసి ఉన్నాయో మీ స్క్రీన్ మీద కనబడుతుంది. ఎవరింట్లో ఎవరున్నారో ఊళ్లో అందరికీ తెలిసే చోట ఇది చిన్న విషయం కాదు. ఆఫీసులో అందరికీ ఒకే లాగిన్ ఇవ్వకండి. ఫోన్ ఎత్తే అమ్మాయికి రీస్టార్ట్, పాస్‌వర్డ్ మార్పు వరకు చాలు, ఆ పరికరాల జాబితా ఆమెకు కనబడనక్కర్లేదు. ఎవరు ఏ బాక్స్‌లో ఏం మార్చారో లాగ్ ఉండాలి. కుర్రాడు పని మానేసిన రోజే అతని లాగిన్ తీసేయాలి. పాస్‌వర్డ్ మార్చమని ఫోన్ వస్తే, కనెక్షన్ తీసుకున్నవారి నంబర్‌కు తిరిగి ఫోన్ చేసి అడిగాకే మార్చాలి.